సెల్లులో రేటు తెలిసింది సరే, బేరం ఎవరి చేతిలో ఉంది?

కాలువగట్టు

సెల్‌ఫోను వచ్చాక దళారీ పని అయిపోయిందనీ, రేటు జేబులోనే ఉంటే రైతుని ఎవరూ ముంచలేరనీ పాతికేళ్ళుగా వింటున్నాం. కెన్యా, నైజర్, బంగ్లాదేశ్ ఉదాహరణలు చెబుతారు. మరి మన డెల్టా సంగతేంటి? భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్య తీసుకోండి, తణుకు, మండపేట వైపు ధాన్యం తీసుకోండి, అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి, ఏదైనా సరే. ఫోను వల్ల రైతుకి అదనంగా మిగిలిందా? మిగిలితే ఎంత? మిగలకపోతే ఎక్కడ ఆగిపోయింది?

నా మాట ముందే చెప్పేస్తున్నా: మిగిలింది. పొద్దున్నే పది మంది రేట్లు తెలిసినవాడూ, గట్టు మీదికొచ్చిన ఒక్కడి మాట నమ్మినవాడూ ఒకటి కాదు. కాదనేవాళ్ళు లెక్కతో రండి. పిల్లలు రీల్స్ చూసి పాడైపోతున్నారన్న గొడవ మాత్రం ఇక్కడికి తేవద్దు, దండం పెడతాను.

లంకగాలి

ఈ వాదనకి పునాది పడింది కేరళలో, అక్కడి నుంచే మొదలెడదాం. 1997 నుంచి 2001 మధ్య కాసరగోడ్, కణ్ణూర్, కోజికోడ్ తీరం వెంట సెల్ టవర్లు ఒక్కో ప్రాంతానికి ఒక్కోసారి వచ్చాయి. సిగ్నల్ సముద్రంలోకి 20, 25 కిలోమీటర్ల దాకా అందేది. అంతకుముందు నూనె కవ్వళ్ళు పట్టే పడవలు సొంత రేవుకే తిరిగొచ్చేవి. ఒక రేవులో కొనేవాడు లేక చేప పారబోస్తుంటే, పది పదిహేను కిలోమీటర్ల అవతల కొనేవాడు సరుకు దొరక్క ఖాళీ బుట్టతో పోయేవాడు. ఫోను వచ్చాక పడవలో ఉండగానే నాలుగు రేవుల్లో వాకబు చేసి, రేటున్న వైపు తిప్పేవారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన లెక్క ప్రకారం జాలరి లాభం సుమారు 8 శాతం పెరిగింది, తినేవాడికి ధర 4 శాతం తగ్గింది, అంతవరకూ 5 నుంచి 8 శాతం పోతున్న చేప వృథా దాదాపు ఆగిపోయింది.

ఫోను గొప్పదనం చెప్పేవాళ్ళంతా ఇక్కడితో ఆపేస్తారు. రేటు తెలిశాక పడవ తిప్పగలిగారు కాబట్టి కదా ఆ లాభం! తర్వాత ఆ తీరానికే వెళ్ళి చూసినవాళ్ళు ఇంకో సంగతి పట్టుకున్నారు. వలకీ ఇంజనుకీ ఎవరి దగ్గర అప్పు తెచ్చాడో, వాళ్ళ మనిషి వేలం వేసే రేవుకే ఆ జాలరి రావాలి. పక్క రేవులో రేటు ఎంతుంటే అతనికేం?

కౌంటు50

పడవ తిరుగుతుంది. చెరువు తిరగదు. ఇంతకన్నా చెప్పడానికేం లేదు కానీ, కాలువగట్టు గారు లెక్క అడిగారు కదా, ఇదిగో.

రెండు టన్నుల పట్టుబడి, అంటే చెరువు పట్టినప్పుడు చేతికొచ్చే రొయ్య, అనుకుందాం. కిలో రొయ్యకి 1.4 కిలోల మేత పడితే మొత్తం 2,800 కిలోలు. రొక్కం పెట్టి కొనేవాడికి డీలరు ఇచ్చే తగ్గింపు ఖాతా మీద, అంటే అప్పుకి, తెచ్చుకునేవాడికి ఉండదు. ఆ తేడా కిలోకి 8 రూపాయలే వేసుకోండి, 22,400 అయింది. అదే రైతు రొయ్య కొనే నలుగురు ట్రేడర్లకి ఫోన్లు చేసి, గొంతు పోయేలా మాట్లాడి, కిలోకి 5 రూపాయలు ఎక్కువ తెచ్చుకున్నాడనుకోండి. రెండు టన్నుల మీద 10,000. ఫోను తెచ్చిన దానికి రెండింతలు అప్పు ముందే తీసుకెళ్ళిపోయింది. మందులు, మినరల్స్, ప్రోబయోటిక్స్ కూడా అదే ఖాతాలో రాస్తారు, వాటి జోలికి నేను పోలేదు.

ఆ 10,000 అయినా వస్తుందా అంటే అదీ అనుమానమే. పట్టుబడి నాడు డీలరు మనిషి గట్టు మీదే ఉంటాడు. సరుకు ఏ ట్రేడరుకి ఎత్తాలో ఆయనే చెబుతాడు. ట్రేడరు దగ్గర్నుంచి వచ్చే డబ్బు ముందు ఆయన బాకీకి జమవుతుంది, మిగిలింది రైతుకి చేరుతుంది. మీ ఫోన్లో ఇంకో పది మంది ట్రేడర్ల నెంబర్లున్నా ఆ పూట అవి పెళ్ళి పిలుపులకి పనికొస్తాయి, అంతే.

ఆయ్_బాబు

ఆయ్, పెళ్ళి పిలుపులక్కూడా రారండి ఆళ్ళు. రేటు పడిపోయినప్పుడు ఫోనెత్తని ట్రేడరు పెళ్ళికేం వత్తాడు.

ఫేజ్‌కట్

మీరంతా ఫోన్ని మార్కెట్లో వెతుకుతున్నారు. డెల్టాలో అది డబ్బు మిగిల్చింది చెరువు గట్టు మీద, ప్యానెల్ బోర్డులో. దాని గురించి ఒక్కరూ ఎత్తలేదు.

వనామీ రకం రొయ్య చెరువులో ప్రమాదం రాత్రి రెండింటి నుంచి తెల్లారేలోపు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యతో పోటీపడి పీల్చేస్తుంది. మబ్బు పట్టిన పగలు గడిచిన రాత్రి ఇంకా కష్టం. కరిగిన ఆక్సిజన్ లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉండాలి, 3 కంటే దిగితే రొయ్య ఒత్తిడికి లోనవుతుంది, ఒకటికి చేరితే పైకి తేలిపోతుంది. బరువైన పంట ఉన్న చెరువులో, నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఆ దిగడానికి గంట కూడా పట్టకపోవచ్చు. పూర్వం కరెంటు పోయిన సంగతి షెడ్డులో పడుకున్న కాపలా మనిషికి మెలకువ వస్తేనే తెలిసేది.

ఇప్పుడు ఏరేటర్ మోటార్లని ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే, సిమ్ వేసిన మొబైల్ స్టార్టరు కరెంటు పోగానే పెట్టిన నెంబర్లకి వరసగా కాల్ చేస్తుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా చేస్తుంది, అదే ముఖ్యం. ఒక ఫేజు పోయినప్పుడు మోటారు గుర్రుమంటూ వేడెక్కి కాయిల్ కాలిపోతుంది, కరెంటు పూర్తిగా పోవడం కంటే ఇది నష్టం. కరెంటు తిరిగొచ్చాక ఏరేటర్లు ఒక్కసారిగా కాకుండా పది పదిహేను సెకన్ల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి అందుకునేలా టైమర్లు పెట్టుకోవాలి, లేకపోతే జనరేటర్ మీద ఉన్నప్పుడు అది తట్టుకోలేక ఆగిపోతుంది.

రెండు టన్నుల పంట, కిలో 250 వేసుకున్నా 5 లక్షలు. ఒక్క రాత్రి నిలబెట్టిందంటే, మీరు చెప్పే 5 రూపాయల బేరం యాభై పట్టుబడులకి సరిపోయింది.

ఆయ్_బాబు

ఫోన్ చేత్తే ఆన్ అయిపోద్దంటున్నారు కదండీ. మరి లోన్ యాప్ వోళ్ళు చేసినా ఏరేటర్లు తిరుగుతాయాండి?

ఫేజ్‌కట్

నవ్వులాటకి అడిగినా అసలు తప్పు అక్కడే జరుగుతుంది. అనుమతించిన నెంబర్ల జాబితా పెట్టకపోతే ఎవడు చేసినా తిరుగుతాయి, ఎవడు చేసినా ఆగుతాయి కూడా. బిగించిన రోజే జాబితాలో మూడు నాలుగు నెంబర్లు వేసి, మిగతావి పట్టించుకోకుండా సెట్ చేయాలి. ఆ సిమ్ నెంబరు ఏ ఫారం మీదా రాయకూడదు, ఏ గ్రూపులోనూ చేర్చకూడదు.

ఇంకొన్ని తప్పులు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. 2జీ మాత్రమే పట్టే మాడ్యూలులో జియో సిమ్ వేసి, పనిచేయట్లేదని స్టార్టరుని తిడతారు. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు. కొనేటప్పుడే మాడ్యూలు 4జీదా కాదా అడగండి. సిమ్ రీచార్జి గడువు దాటి ఇన్‌కమింగ్ ఆగిపోవడం ఇంకోటి. చెరువు ఖాళీగా ఉన్న రెండు నెలలు ఎవరూ రీచార్జి చేయరు, రొయ్యపిల్ల వేశాక గుర్తుండదు. ఆ సిమ్‌కి డేటా అక్కర్లేదు. కేవలం కాల్స్, ఎస్ఎంఎస్ ఉండే ప్యాకులు కంపెనీలు తప్పకుండా ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలు పెట్టింది, అదే వేయించుకోండి. ఏంటెన్నాని ఇనప పెట్టె లోపలే వదిలేస్తే సిగ్నల్ అందదు, బయటికి తీసి ఎత్తున కట్టాలి. ఉప్పుగాలికి టెర్మినళ్ళు పచ్చగా చిలుమెక్కుతాయి, పంట పంటకీ విప్పి తుడిచి బిగించాలి. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోతే కరెంటు పోయిందని చెప్పాల్సిన పెట్టే కరెంటుతోపాటు పోతుంది. నెలకోసారి మెయిన్ ఆఫ్ చేసి ఫోన్ మోగుతుందో లేదో చూసుకోవాలి.

అన్నిటికంటే మోసం చేసేది "మోటార్ ఆన్" అనే మెసేజి. స్టార్టరు లోపలి స్విచ్చు, అంటే కాంటాక్టర్, పట్టుకుందని మాత్రమే దానర్థం. గేర్‌బాక్స్ విరిగి చక్రం తిరక్కపోయినా ఆన్ అనే వస్తుంది. తీగలో పారే కరెంటుని కొలిచే సీటీ కాయిల్ పెట్టి ఆంపియర్లు కూడా పంపే రకం తీసుకోండి. నాలుగు ఏరేటర్లు తీసుకోవాల్సిన కరెంటు మూడింటి పాటి చూపిస్తే ఒకటి ఖాళీగా తిరుగుతోందనో, అసలు తిరగట్లేదనో తెలిసిపోతుంది.

లంకగాలి

తుపాను రాత్రి మాటేమిటి? కరెంటు పోతే టవరూ పోతుంది కదా.

ఫేజ్‌కట్

పోతుంది, కాకపోతే వెంటనే కాదు. టవరు కింద బ్యాటరీ, డీజిలు ఉన్నంతసేపు నడుస్తుంది. తుపానుకి మాత్రం ఫోన్ని నమ్మి ఇంట్లో కూర్చోకూడదు. హెచ్చరిక వచ్చిన సాయంత్రమే మనిషి గట్టు మీద ఉండాలి, డీజిలు డ్రమ్ము షెడ్డులో ఉండాలి, మేత ఆపేయాలి. తినకపోతే ఆక్సిజన్ వాడకం తగ్గుతుంది.

ఇంటర్నెట్ ఆపేసినప్పుడు సంగతి వేరు. 2022 మేలో జిల్లా పేరు గొడవకి కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపారు. అలాంటప్పుడు యాప్ మీద, డేటా మీద నడిచే స్టార్టర్లు, కెమెరాలు పడుకుంటాయి. కాల్, ఎస్ఎంఎస్ మీద నడిచేవి నడుస్తాయి. యాప్‌లో బొమ్మలు బాగున్నాయని కొనేవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి.

కౌంటు50

ఫేజ్‌కట్ గారు చెప్పింది కాదనను. అది చెరువు బతికించే సంగతి. ప్రశ్న బేరం గురించి. బేరంలో ఫోను రైతు మీదికే తిరిగే సందర్భం ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

చెరువులో వైట్ స్పాట్ అనే రొయ్య జబ్బు కనబడింది. రెండు మూడు రోజుల్లో పట్టేయకపోతే మొత్తం పోతుంది. రైతు శాంపిల్ ఫోటో తీసి టెక్నీషియన్‌కి పంపుతాడు, ఆయన సలహా కోసం ఇంకో గ్రూపులో వేస్తాడు. గంటలో చుట్టుపక్కల ట్రేడర్లందరికీ ఫలానా చెరువు తొందర మీద ఉందని తెలిసిపోతుంది. ఎవరికి ఫోన్ చేసినా ఒకటే రేటు, అదీ తగ్గించి. పాతరోజుల్లో ఆ కబురు ఊరు దాటడానికి ఒక పూట పట్టేది. ఆ పూటలో రైతు పట్టుబడి పెట్టేసుకునేవాడు. కబురు అందరికీ ఒకే వేగంతో వెళ్తుంది కానీ, ఆగి చూడగలిగేవాడికీ ఆగలేనివాడికీ దానివల్ల వచ్చే ఫలితం ఒకటి కాదు.

మన రొయ్యతో సహా దిగుమతుల మీద అమెరికా వేసిన సుంకాల విషయం చూడండి. 2025 ఏప్రిల్ 2న ప్రకటన వచ్చింది. భీమవరం గ్రూపుల్లో అది తెల్లారేసరికే ఉంది. ఆ సుంకం అమల్లోకి రాకముందే ఇక్కడ కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేట్లు దించేశారు. అదే నెల 9న తొంభై రోజులు వాయిదా వేశారన్న కబురూ అంతే వేగంగా ఫోన్లలోకి వచ్చింది. దిగిన రేటు అంతే వేగంగా ఎక్కిందా? ఎక్కలేదు. 50 కౌంటుకొచ్చిన రొయ్యని వాయిదా వార్త చదివించి ఇంకో నెల చెరువులో కూర్చోబెట్టలేం కదా. రోజూ మేత తింటుంది, రోజూ కరెంటు తింటుంది, ఏ రాత్రి ఏ జబ్బొస్తుందో తెలీదు.

దాళ్వా

రొయ్యలోళ్ళు సగం చర్చ తినేశారు. ధాన్యం సంగతి కొంచెం వినండి.

ధాన్యంలో రేటు తెలియకపోవడం అనే జబ్బే లేదు. మద్దతు ధర కేంద్రం ముందే ప్రకటిస్తుంది. 2025-26కి సాధారణ రకం క్వింటాలుకి 2,369, ఎ గ్రేడు 2,389. మన 75 కిలోల బస్తాకి లెక్కేస్తే 1,777, 1,792. సెల్లు లేనివాడిక్కూడా రచ్చబండ దగ్గర తెలుస్తుంది. అయినా కోత మిషన్ దిగిన రోజున కళ్ళంలోనే 1,500కో 1,550కో ఇచ్చేస్తున్నాడంటే ఎందుకిస్తున్నాడు? రేటు తెలీకనా?

తేమ దగ్గర పడుతుంది దెబ్బ. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటకూడదు. మిషన్ కోత ధాన్యం 22, 23 మీద ఉంటుంది. 75 కిలోల బస్తా 22 నుంచి 17కి ఆరితే ఎంత మిగులుతుందో చూడండి: 75లో గింజ బరువు 58.5 కిలోలు, దాన్ని 0.83తో భాగిస్తే 70.5. అంటే న్యాయంగా పోవాల్సింది నాలుగున్నర కిలోలు. మిల్లు దగ్గర తరుగు పేరుతో అంతకు మించి అడిగితే అది తేమ కాదు, కోత. ఈ లెక్క ఫోన్లో కాలిక్యులేటర్ తీసి చేసేవాడు ఎంతమంది ఉన్నారు? నా దృష్టిలో సెల్లులో రైతుకి ఉపయోగపడే యాప్ కాలిక్యులేటరే, దాన్నే ఎవరూ తెరవరు. తేమ మీటరు ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుని, లారీ ఎక్కకముందే నాలుగు బస్తాల్లోంచి తీసి కొలుచుకుంటే అదే బేరం.

దాళ్వా

(పైదానికి కొనసాగింపు, సగంలో ఆగింది)

ఇంకో ముఖ్యమైన సంగతి, ఫోను ఎవరిది, పేరు ఎవరిది. 2024 ఖరీఫ్ నుంచి వాట్సాప్‌లో హాయ్ అని పంపి కొనుగోలు కేంద్రం, తేదీ ఎంచుకునే ఏర్పాటు చేశారు. మంచిదే, రోడ్డు మీద ట్రాక్టరు పెట్టుకుని రోజులు కాయడం తగ్గుతుంది. కానీ ఆ వరస మొత్తం ఈ-పంట నమోదు మీద, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే జాబితా మీద నిలబడుతుంది. డెల్టాలో దున్నేవాళ్ళలో కౌలు రైతులే ఎక్కువ. నమోదులో భూమి యజమాని పేరుంటే డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది, ఓటీపీ యజమాని ఫోన్‌కి వెళ్తుంది. ఆయన హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, కౌలు రైతు ఆయనకి ఫోన్ చేసి "అయ్యగారూ, ఓటీపీ వచ్చిందా అండి" అని అడుక్కోవాలి.

2019 చట్టం కింద కౌలు కార్డు ఉంది, సాగు హక్కు పత్రం. దాని గడువు 11 నెలలు. యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని చాలామంది పెట్టరు, పోదని చట్టంలోనే రాసి ఉన్నా సరే. సంతకం లేకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే నమోదు అతని పేరున పడడం కష్టం, నమోదు లేకపోతే మద్దతు ధర ఫోన్లో చూసుకోవడానికే. అప్పుడు కళ్ళంలో 1,550 ఇచ్చేవాడే దేవుడు.

చేపలబుట్ట

ఎవరి ఫోను, ఎవరి పేరు అన్నారు కదా, దానికి తోడు ఇంకోటి. చేపల మార్కెట్లో కూర్చునే ఆడవాళ్ళ ముందు క్యూఆర్ బోర్డులు చూడండి. చాలా బోర్డుల వెనక ఖాతా కొడుకుదో భర్తదో. మాట్లాడే డబ్బా "యాభై రూపాయలు అందాయి" అంటుంది, అందింది ఆమెకి కాదు. తెల్లవారుజామున రేవులో వేలం పాట రొక్కంతోనే జరుగుతుంది, ఐసుకీ ఆటోకీ రొక్కమే. పగలంతా ఖాతాలోకి వెళ్ళిన డబ్బు తెల్లారేసరికి చేతిలోకి రావాలంటే కొడుకు ఏటీఎంకి వెళ్ళాలి. వెళ్ళడానికి వాడికి తీరిక లేకపోతే ఆ పూట వడ్డీకి తేవాలి, నూటికి ఇంత అని ఉదయం తీసుకుని సాయంత్రం కట్టే రకం.

చేయాల్సింది పెద్దదేం కాదు. ఆమె ఆధార్, ఆమె బ్యాంకు ఖాతా, ఆమె పేరున సిమ్. ఈ మూడూ ఒకే నెంబరుకి కలిపి, దాని మీద క్యూఆర్ తీసుకోవాలి. స్మార్ట్‌ఫోను లేకపోయినా పర్లేదు, బోర్డుకి ఫోన్ అక్కర్లేదు. బటన్ ఫోన్ నుంచి కట్టడానికి 2022లో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే తెచ్చింది, అది మార్కెట్లో వాడేవాళ్ళు తక్కువే అనుకోండి. డ్వాక్రా ఖాతా సంఘం పేరున ఉంటుంది, అది కాకుండా ఆమె పేరున సొంత ఖాతా ఇప్పటికే ఉంటే సగం పని అయిపోయినట్టే.

లంకగాలి

కౌంటు50 గారి మాటకి దన్నుగా రెండు సంగతులు, కాలువగట్టు గారి వైపు ఒకటి.

మహారాష్ట్రలో వంద ఊళ్ళలో రైతులకి పంటల ధరలు, వాతావరణం ఎస్ఎంఎస్‌లో పంపి చూశారు. ఫాఫ్‌చాంప్స్, మింటెన్ అనే ఇద్దరు 2012లో ప్రచురించిన ఫలితం: రైతుకి దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నైజర్‌లో సెల్లు వచ్చాక సంతకీ సంతకీ మధ్య ధాన్యం ధర తేడా 10 నుంచి 16 శాతం తగ్గిందని జెన్నీ ఏకర్ 2010లో చూపించింది. అక్కడ ఫోను పట్టుకుని సంతల మధ్య సరుకు తిప్పింది వర్తకులు. ధర సర్దుకుంది, తినేవాడికి మేలే, కానీ దాన్ని రైతు బేరంగా చదవకూడదు.

రెండో వైపు. ఫోను నికరంగా పేదరికాన్ని తగ్గించిందని గట్టిగా చెప్పగలిగే ఉదాహరణ కెన్యాలో ఫోన్ ద్వారా డబ్బు పంపే ఎం-పెసా, 2007 మార్చిలో మొదలైంది. 2016లో వచ్చిన అధ్యయనం దానివల్ల 2 శాతం కుటుంబాలు, సుమారు 1,94,000, పేదరికం నుంచి బయటపడ్డాయని లెక్కేసింది. ఆడవాళ్ళు నడిపే కుటుంబాల్లో ఫలితం ఎక్కువ. అక్కడ ఫోను చేసింది ధర చెప్పడం కాదు, డబ్బు పంపడం. కష్టమొచ్చిన రోజే బంధువు నుంచి డబ్బు చేరితే మేకని అగ్గువకి అమ్ముకోనక్కర్లేదు. మనకి సరిపోల్చాలంటే మద్దతు ధర ఎస్ఎంఎస్‌తో కాదు, కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళిన కోనసీమ ఆడవాళ్ళు పంపే డబ్బుతో పోల్చాలి.

కాలువగట్టు

ఒప్పుకున్నవి ఒప్పుకుంటా: అప్పుంటే ఫోను పనిచేయదు. అయితే అందరూ అప్పులోనే లేరు. సొంత డబ్బుతో మేత కొనేవాడు, పదెకరాలకి పైబడి చేసేవాడు, నలుగురు కలిసి ఒకేసారి పట్టుబడి పెట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఫోను పనిచేస్తుంది, కాకపోతే ఫోన్లో ఏం అడగాలో తెలిస్తేనే. "రేటెంత?" అని అడిగేవాడికి రేటే చెబుతారు, అది గట్టు మీదికొచ్చేసరికి వేరే అవుతుంది.

ముందు కౌంటు మీరే తీసుకోండి. మేత తింటున్నాయో లేదో చూడ్డానికి దించే చెక్ ట్రేలో పడినవాటిని లెక్కపెట్టొద్దు, అది చెరువు మొత్తానికి అద్దం పట్టదు. విసురువలతో నాలుగైదు చోట్ల వేసి, నీళ్ళు ఓడ్చి, కిలోకి ఎన్నో చూడండి. 50 అంటే ఒక్కోటి 20 గ్రాములు, 52 అంటే 19.2. ఆ గ్రాము తేడా లేకుండానే కౌంటు మారిపోతుంది, రేటూ మారిపోతుంది. కాబట్టి ఫోన్లో ఒక్క 50కి కాదు, 48, 50, 52, 55కి విడివిడిగా అడగండి. కౌంటు జారితే ఎంత కోస్తారో అప్పుడే బయటపడుతుంది. పెంకు గట్టిపడని మెత్తవాటికి ఎంత తీస్తారు, ఎంత శాతం దాటితే తీస్తారు అని అడగండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర కుబుసం విడిచేవి ఎక్కువ, ఆ రోజుల్లో పట్టుబడి పెట్టి మెత్తవని కోశారని ఏడవకూడదు. ఐసు ఎవరిది, కూలి ఎవరిది, ట్రేలో నీళ్ళు ఓడ్చాక ఎన్ని నిమిషాలకి తూకం, డబ్బు ఎన్ని రోజులకి. ఏడు రోజులకి ఇచ్చే 5 తక్కువ రేటు, నలభై రోజులు తిప్పే 5 ఎక్కువ రేటు కంటే మంచిది, వడ్డీ లెక్కేసుకోండి.

ఇవన్నీ మాటల్లో అయ్యాక ఒక వాట్సాప్ మెసేజిలో రాసి, "ఇదే కదా అండి మనం అనుకున్నది" అని పంపి, అవతలివాడు సరే అన్నాకే వలలు దించండి. కోర్టుకెళ్ళడానికి కాదు. గట్టు మీద నలుగురి ముందు చూపించడానికి.

కౌంటు50

ఇది బాగుంది. చివరి మెసేజి సంగతి మరీ బాగుంది. ఒక చిన్న చేర్పు: వాయిస్ మెసేజి పెట్టొద్దు, రాతలోనే పెట్టండి. గట్టు మీద జనరేటర్ హోరులో ఎవరికీ వినబడదు.

అయితే పదెకరాల పైన చేసేవాడికీ, సొంత డబ్బున్నవాడికీ పనిచేస్తుందని మీరే అన్నారు. వాడికి ఫోను లేనప్పుడూ నడిచింది. భీమవరం వెళ్ళి నలుగురిని అడిగొచ్చేవాడు. ఫోను వాడికి బస్సు చార్జీ మిగిల్చింది.

ఆయ్_బాబు

బస్సు చార్జీతోపాటు టిఫిను కూడా మిగిలిందండి, అదీ లెక్కెయ్యండి.

కౌంటు50

వేశాను బాబూ.

ఫేజ్‌కట్ గారూ, మీ దగ్గర మాత్రం ఓడిపోయాను. ఆక్సిజన్ సంగతి నా లెక్కలో లేదు. కలిపితే ఫోను రైతుకి మిగిల్చిందనే తేలుతుంది, బజారులో కాకపోయినా చెరువులో. కాకపోతే ఒకటి చూశారా, ఈ మధ్య మొబైల్ స్టార్టర్లు కూడా మేత డీలరు షాపులోనే పెట్టి, ఖాతాలోనే రాస్తున్నారు.

ఫేజ్‌కట్

చూశాను. అలా తీసుకుంటే రెండు విషయాలు సరిచూసుకోండి. బిల్లు రైతు పేరున ఉండాలి, లేకపోతే వారంటీకి వెళ్ళినప్పుడు డీలరునే తీసుకెళ్ళాలి. స్టార్టరులో మొదటి నెంబరు, అంటే సెట్టింగులు మార్చగలిగే మాస్టరు నెంబరు, బిగించిన కుర్రాడిదో షాపువాళ్ళదో వదిలేస్తారు. దాన్ని ఆ రోజే మీ నెంబరుకి మార్పించి, పాతది తీయించండి. మెయిన్ ఆఫ్ చేసి మీ ఫోనే ముందు మోగిందో లేదో చూశాకే డబ్బు లెక్క రాయించుకోండి.